డార్విన్‌లో అక్క ఇంటి వాకిట్లో ఏడు రాత్రులు

2024 సెప్టెంబరు చివర్లో పిల్లల స్కూలు సెలవులకు, ఆస్ట్రేలియాలో మేముండే అడిలైడ్ నుంచి అక్క ఉండే డార్విన్‌కు క్యాంపర్‌వ్యాన్ (లోపలే వండుకుని పడుకునే బండి) అద్దెకు తీసుకుని బయల్దేరాం. దాదాపు 3,000 కిలోమీటర్లు. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు, కరీంనగర్ నుంచి వచ్చిన అమ్మ. విమానమైతే నాలుగు గంటల్లోపే. కానీ "ఒక్క దేశంలనే ఉన్నరు గదా, అక్కను చూడనీకి ఎందుకు పోవు?" అని అమ్మ ఎన్నో ఏళ్లుగా ఫోన్లో అడుగుతోంది. ఆ దూరం ఎంతో ఆమెకు చూపించాలనిపించింది.

దారిలో ఎక్కువ భాగం స్టువర్ట్ హైవేనే. చీకటి పడ్డాక ఊళ్ల బయట నడపకూడదన్నది అద్దె షరతు, కంగారూలు అడ్డం వస్తాయని. అందుకే రోజూ పొద్దు గుంకకముందే ఆగేవాళ్లం. మూడేసి ట్రెయిలర్లతో 50 మీటర్లు దాటిన రోడ్ ట్రెయిన్ లారీ పక్కనుంచి పోతుంటే బండి ఊగిపోయేది. మటరాంకా వేడి నీటి బుగ్గలో, 34 డిగ్రీల నీళ్లలో, అమ్మ గంటసేపు మోకాళ్లు ముంచుకుని కూర్చుంది. ఆరు రాత్రుల తర్వాత డార్విన్ చేరాం.

అసలు పని అక్కడ మొదలైంది. అక్కవాళ్లది రెండు పడక గదుల ఇల్లు, అందుకే బండిని వాకిట్లో పెట్టుకుని అందులోనే పడుకోవాలనుకున్నాం. మా బండి ఎత్తు మూడు మీటర్లపైనే. బావ ముందే టేపుతో కొలిచి, కార్ల షెడ్డు కిందికి రాదని చెప్పాడు కాబట్టి బయటే ఆపాం. ఇలా వెళ్లేవాళ్లు ఎత్తు కొలతను వారం ముందే పంపండి.

కరెంటు దగ్గర మాత్రం ఇరుక్కుపోయాం. క్యాంపర్‌వ్యాన్ ప్లగ్ 15 ఆంపులది. ఇలాంటి బండ్లు ఆపుకునే కేరవాన్ పార్కుల్లో దానికి తగ్గ సాకెట్ ఉంటుంది, ఇళ్లల్లో ఉండేవి 10 ఆంపులవి. 15 ఆంపుల ప్లగ్‌కు ఎర్త్ పిన్ను వెడల్పు, ఇంటి సాకెట్లో పట్టదు. అక్టోబరు డార్విన్‌లో వానలకు ముందు వచ్చే ఉక్కపోత కాలం, రాత్రి కూడా 25 డిగ్రీల దగ్గరే ఉంటుంది. ఏసీ లేక మొదటి రాత్రి పిల్లలు చెమటతో తడిసిపోయారు. పన్నెండింటికి అక్కే వచ్చి వాళ్లను లోపలికి ఎత్తుకుపోయింది. "ఇల్లు పెట్టుకుని వాకిట్ల పండుడేందిరా" అంటుంటే ఆమె గొంతు పూడుకుపోయింది. నాకు అది ఇప్పటికీ బాధే.

పిన్నును కొంచెం అరగదీస్తే పడుతుందని ఒకాయన సలహా ఇచ్చాడు. బావ తనకు తెలిసిన ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేశాడు. అలా చేస్తే గోడలోని తీగలు వేడెక్కి ఇల్లే అంటుకోవచ్చు, ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దన్నాడు. 10 ఆంపుల బ్రేకర్ ఉన్న అడాప్టర్ డబ్బా కొనుక్కోమన్నాడు. అది పెట్టాక ఏసీ నడిచింది. ఏసీ ఉండగా మైక్రోవేవ్ వేస్తే మాత్రం బ్రేకర్ పడిపోయేది, ఫ్రిజ్‌ను గ్యాస్‌కు మార్చుకున్నాం. అయినా అమ్మ అక్క గదిలోనే పడుకుంది. ఆమెను బండిలోకి రమ్మని నేను మళ్లీ అడగలేదు.

ఇంకొకటి బండిలోని టాయిలెట్ కింద ఉండే పెట్టె. రెండు రోజులకే నిండుతుంది. ఎక్కడపడితే అక్కడ పారబోయకూడదు, దానికోసమే పెట్టిన డంప్ పాయింట్‌కు తీసుకుపోయి ఖాళీ చేయాలి. పగలంతా అక్క ఇంటి బాత్రూమే వాడి, బండిలోది రాత్రికి మాత్రమే ఉంచితే చాలా తగ్గింది. సముద్రం పక్కన పార్కింగ్‌లో ఒక రాత్రి పడుకుందామని పిల్లలు అడిగారు. ఊళ్లో అలా పడుకుంటే జరిమానా వేస్తారు. ఆదివారం సాయంత్రం మిండిల్ బీచ్ సంతకు తీసుకెళ్లి ఊరుకోబెట్టాం.

ఆ వారమే బతుకమ్మ. తంగేడు లేదు, గునుగు లేదు. అక్క పెరట్లోని దేవగన్నేరు, మందారాలు, కాగితం పూలతో అమ్మ పళ్లెంలో బతుకమ్మ పేర్చింది. సద్దుల రోజు సముద్రంలో కలుపుదామంది. అక్కడ ఉప్పునీటి మొసళ్లుంటాయి, విషపు జెల్లీ చేపలొచ్చే కాలం కూడా అదే. బావ నీళ్ల అంచుకు కూడా పోనివ్వనన్నాడు. పెరట్లో పెద్ద టబ్బు నింపాం. అక్క, మా ఆవిడ, మా అమ్మాయి చప్పట్లు కొడుతూ చుట్టూ తిరుగుతుంటే అమ్మ పాట అందుకుంది. పద్నాలుగేళ్ల తర్వాత తల్లీకూతుళ్లు కలిసి ఆడిన బతుకమ్మ అది.

మర్నాడు నేను బండి అప్పగించడానికి పోతుంటే, అక్క ఆ టబ్బులోని నీళ్లను పూలతో సహా చెంబుతో తోడి కరివేపాకు చెట్టు మొదట్లో పోస్తోంది.