పదకొండేళ్లకే ఒక వడపోత

"పదిహేడు ఎనిమిదులు?" అని ఇంగ్లండ్‌లోని కెంట్ కౌంటీలో పరీక్షా కేంద్రం గేటు దగ్గర ఒక తండ్రి తెలుగులో అడుగుతుంటే, గ్రామర్ స్కూలు (పరీక్షలో నెగ్గినవారినే చేర్చుకునే ప్రభుత్వ పాఠశాల) ప్రవేశ పరీక్షకు వచ్చిన ఆ పాప జవాబు చెప్పకుండా తన బూట్ల వైపే చూస్తూ నిలబడింది.

అప్పటి విద్యామంత్రి బట్లర్ తెచ్చిన 1944 నాటి విద్యా చట్టం ఇంగ్లండ్, వేల్స్‌లలో మాధ్యమిక విద్యను ఉచితం చేసింది; అది నిజంగా గొప్ప పనే. కానీ ఆ చట్టంలో ఎక్కడా లేని వడపోతను అమలులో ప్రభుత్వమూ స్థానిక సంస్థలూ కలిసి స్థిరపరిచాయి. పదకొండేళ్లకు పరీక్ష పెట్టి, నెగ్గినవారిని గ్రామర్ స్కూళ్లకు, మిగిలిన అత్యధికులను సెకండరీ మోడర్న్ అనే సాధారణ స్కూళ్లకు పంపారు. మూడవ రకంగా అనుకున్న సాంకేతిక పాఠశాలలు చాలాచోట్ల రానేలేదు. గ్రామర్ స్కూళ్లలో సీట్లు తక్కువైన చోట్ల ఆడపిల్లలకు మగపిల్లలకంటే ఎక్కువ మార్కులు రావలసి వచ్చేదన్న సంగతి నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది.

1965లో లేబర్ పార్టీ విద్యామంత్రి క్రాస్‌లాండ్ ఒక సర్క్యులర్ పంపి, పిల్లలందరికీ ఒకే రకమైన కాంప్రెహెన్సివ్ పాఠశాలలు ఏర్పాటు చేయమని స్థానిక సంస్థలను కోరారు గాని, ఆదేశించలేదు. 1970లో మార్గరెట్ థాచర్ విద్యామంత్రిగా ఆ సర్క్యులర్‌ను ఉపసంహరించారు. అయినా ఆమె హయాంలోనే కాంప్రెహెన్సివ్ ప్రతిపాదనలకు పెద్ద ఎత్తున ఆమోదం లభించింది (చరిత్రకు ఇటువంటి చమత్కారాలు అలవాటే).

ఆ "కోరడం" వల్లనే కెంట్ వంటి ప్రాంతాలు పాత పద్ధతిని నిలుపుకోగలిగాయని నా అభిప్రాయం. ఈ పరీక్ష కోసం మనవాళ్లు ఇప్పుడు ట్యూషన్లకు డబ్బు పోస్తున్నారు.