తెలుగు టైపు చేసేటప్పుడు చూపు ఎక్కడ?

ఇంగ్లీషును ఏళ్ల తరబడి కీబోర్డు చూస్తూనే కొట్టిన నాకు, చూడకుండా టైపు చేయడం తెలుగు ఇన్‌స్క్రిప్ట్ అనే కీబోర్డు అమరిక నేర్చుకున్నాకే అబ్బింది. నా కీబోర్డు మీద తెలుగు అక్షరాలు ముద్రించి లేవు కాబట్టి, తల దించినా ప్రయోజనం ఉండేది కాదు. ఈ అమరికలో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతి కింద, హల్లుల్లో ఎక్కువ భాగం కుడిచేతి కింద ఉంటాయి. ఎఫ్, జె మీటల మీది చిన్న గీతలను తడిమి చూపుడువేళ్లు ఆనిస్తే ఎడమవేలి కింద గుడి, కుడివేలి కింద ‘ర’ ఉంటాయి. కుడి ఉంగరపు వేలితో ‘త’, ఎడమ నడిమి వేలితో పొల్లు, ఆపై ‘ర’, గుడి నొక్కితే, చేయి కదలకుండానే ‘త్రి’ తెరమీద పడుతుంది. ‘క’ మీటనే షిఫ్ట్‌తో నొక్కితే ‘ఖ’ వస్తుంది. ఈ పొందిక ఎంత చక్కనిదో వేళ్లకే ముందు తెలిసింది. (హిందీకీ, కన్నడానికీ ఇదే అమరిక.) కొత్తగా నేర్చుకునేవారు కీబోర్డు మీద అక్షరాల స్టిక్కర్లు అంటించుకోవద్దని నా మనవి.