రోడ్రిగో చేతిలో బాంబు

ఆదివారం. చెల్లి, మరిదిగారు పెళ్లికి వెళ్తూ పిల్లలిద్దర్నీ నా దగ్గర వదిలారు. పొద్దున్నంతా ఇడ్లీలు, హోంవర్కు, రిమోట్ కోసం కొట్లాటలు. మధ్యాహ్నం నాతోపాటు ఉతికిన బట్టలు మడతపెడుతూ పెద్దవాడు ఉన్నట్టుండి ఓ మాట చెప్పాడు. "పెద్దమ్మా, క్లాసులో నేను లేచి పాఠం చదివితే వెనక బెంచీవాళ్లు చప్పట్లు కొడతారు." మెచ్చుకుని కాదు. మన సినిమాల్లో హిజ్రాల మీద జోకులేసేటప్పుడు అరచేతులు అడ్డంగా పెట్టి కొడతారే, ఆ చప్పట్లు. వాడి గొంతు కాస్త సన్నం, అంతే. ఎనిమిదో తరగతి పిల్లలు ఆ చప్పట్లు ఎక్కడ నేర్చారో నాకు తెలుసు. మన కామెడీ ట్రాకులు చూసే.

రాత్రి వాళ్లు పడుకున్నాక 'ద సిట్టర్' చూశాను. 2011లో డేవిడ్ గోర్డన్ గ్రీన్ తీసిన బూతు కామెడీ. పిల్లలు మెలకువగా ఉండగా పెట్టుకునే సినిమా కాదు. జోనా హిల్ వేసిన నోవా అనే కుర్రాడు ఒక్క రాత్రికి ముగ్గురు పిల్లల్ని చూసుకోవడానికి ఒప్పుకుంటాడు. తనకి కావలసిన అమ్మాయి అడిగిందని, కొకైన్ కోసం ఆ ముగ్గుర్నీ కారెక్కించుకుని న్యూయార్క్ పోతాడు.

ముగ్గుర్లో పెద్దవాడు స్లేటర్. అన్నిటికీ టెన్షనే, మాత్రలు దగ్గర పెట్టుకుని తిరుగుతాడు. దూరమైపోయిన స్నేహితుడి గురించే వాడి బెంగ. నోవా వాడితో, నువ్వు గే, అందులో తప్పేమీ లేదు అని సూటిగా చెప్తాడు. వాడు కాదంటాడు. అయినా నోవా ఎగతాళి చెయ్యడు, వాడి పక్కనే ఉండి మాట్లాడతాడు. అన్ని బూతుల మధ్య అలాంటి సీను వస్తుందని అనుకోలేదు. కళ్లు చెమర్చాయి. మా వాడికి ఇలా చెప్పే అన్నయ్య ఒక్కడు ఉంటే బాగుండనిపించింది, మా వాడు గే అయినా కాకపోయినా.

కానీ అదే సినిమాలో శామ్ రాక్‌వెల్ వేసిన డ్రగ్ డీలర్ డెన్ నిండా కండలు తిరిగిన మగవాళ్లుంటారు. వాళ్లు గేలన్నట్టు చూపిస్తారు, అక్కడ నవ్వంతా ఆ వాలకం మీదే. స్లేటర్‌కి సిగ్గుపడొద్దని చెప్పిన సినిమాయే, వాడు పెద్దయితే ఇలా ఉంటాడేమో అన్నట్టు ఈ బొమ్మ చూపిస్తుంది.

నల్లజాతివాళ్ల సంగతీ ఇంతే. వాళ్లుండే బార్‌లోకి నోవా అడుగుపెట్టగానే మనం భయపడాలి, తర్వాత వాళ్లే అతనికి సాయపడాలి. 1987లో వచ్చిన 'అడ్వెంచర్స్ ఇన్ బేబీసిటింగ్' సినిమాలో కూడా శివారు తెల్లపిల్లలు షికాగోలో నల్లజాతివాళ్లు బ్లూస్ పాటలు పాడే ఓ క్లబ్బులోకి పరిగెత్తుకొస్తారు. అక్కడా ముందు బెదురు, ఆ తర్వాత పాట. ఇరవై నాలుగేళ్లలో ఊరు మారింది గానీ ఆ వరస మారలేదు.

నన్ను అన్నిటికంటే బాధపెట్టింది రోడ్రిగో. ఆ ముగ్గురు పిల్లల్లో ఒకడు, మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్ దేశం నుంచి దత్తత తెచ్చుకున్న పిల్లాడు. చేతికందిన చోటల్లా బాంబులు పేలుస్తాడు. ఆ దేశంలో పుట్టాడు కాబట్టి వాడి చేతిలో బాంబు, జోకు ఇదే.

ఎల్ సాల్వడార్‌లో 1980 నుంచి 1992 దాకా అంతర్యుద్ధం. దాదాపు 75,000 మంది పోయారు. అక్కడి ప్రభుత్వ సైన్యానికి డబ్బూ, ఆయుధాలూ ఇచ్చింది అమెరికాయే. ఆ రోజుల్లో సైనికులు పల్లెల మీద పడి పసిపిల్లల్ని ఎత్తుకుపోయారు. కొందరిని అనాథాశ్రమాల్లో చేర్చారు, వాళ్లలో చాలామంది అమెరికాకూ యూరప్‌కూ దత్తత వెళ్లిపోయారు. వాళ్ల తల్లులు వెతకడం మానలేదు. హోన్ కోర్టీనా అనే ఫాదర్ ఆ తల్లులకి తోడు నిలబడి 1994లో ప్రో-బుస్కెదా అనే సంస్థ పెట్టించాడు. పిల్లల్ని వెతికి కన్నవాళ్లతో కలపడమే దాని పని.

రోడ్రిగో యుద్ధం అయిపోయాక పుట్టినవాడే, నిజమే. కానీ ఎల్ సాల్వడార్ పిల్లాడు అమెరికన్ ఇంట్లో పెరగడం అంటే దాని వెనక ఈ కథంతా ఉంది. వేరే దేశం పేరు పెట్టినా ఆ జోకు అలాగే నడిచేది, అంటే ఆ దేశంతో సినిమా తీసినవాళ్లకి పనే లేదన్నమాట. బూతు కామెడీలో ఇంతకంటే ఏం ఆశిస్తాం అని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. స్లేటర్ సీను ఉన్నది కూడా ఆ బూతు కామెడీలోనే.