కొంగ రెక్క మీద అక్కరలేని నోడ్‌లు

వదిన గీసిన కొంగ బొమ్మ ఇవాళ మధ్యాహ్నం వెక్టర్ ఫైలుగా, అంటే పిక్సెల్‌ల బదులు గీతలుగా బొమ్మను దాచే ఫైలుగా, నా చేతికొచ్చింది. దాని గురించి రాస్తే గాని నిద్ర పట్టేలా లేదు. గోడకు అంటించే పెద్ద స్టిక్కరుగా కత్తిరించాలంటే బొమ్మ వెక్టర్ రూపంలో ఉండక తప్పదు కాబట్టి, స్కాన్ చేసినవారినే ఆ పని కూడా పూర్తిచేసి ఇవ్వమని అన్నయ్య అడిగాడట. పైకి బొమ్మ బాగానే ఉంది. ఇంక్‌స్కేప్ అనే డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, నోడ్ టూల్ తీసుకుని రెక్క మీద నొక్కాక అసలు సంగతి తెలిసింది. గీత కంటికి కనిపించనంత దట్టంగా, ఒకదాని మీద ఒకటి ఎక్కినట్టుగా నోడ్‌లు, అంటే గీతను నిలబెట్టే బిందువులు, పరచుకుని ఉన్నాయి.

ఎవరూ పెన్ టూల్ పట్టుకుని ఒక్కో నోడ్ పెడుతూ గీసిన పాత్ (నోడ్‌లను కలిపే గీత) కాదది. స్కాన్‌ను, బొమ్మ అంచులను తనంతట తానే గీతలుగా మార్చే ఆటోట్రేస్‌కు అప్పగించి, వచ్చినది వచ్చినట్టుగా పంపేశారు. ఆటోట్రేస్‌కు కొంగ తెలియదు, రెక్క తెలియదు. నల్లటి పిక్సెల్ ఎక్కడ ముగిసి తెల్లటి పిక్సెల్ ఎక్కడ మొదలవుతుందో ఆ హద్దు మాత్రమే తెలుసు. కాగితపు గరుకుదనం వల్ల సిరా పక్కకు పాకిన చోటును, స్కానర్ అద్దం మీద దుమ్ము పడిన చోటును, వదిన చెయ్యి నిజంగా మలుపు తిప్పిన చోటును అది ఒకే శ్రద్ధతో నమోదు చేస్తుంది. తక్కువ సమయంలో పని కావాలనుకున్నప్పుడు దాన్ని వాడటాన్ని నేను తప్పుపట్టను. ఫలితాన్ని ఒక్కసారైనా దగ్గరగా చూడకుండా మరొకరికి పంపడమే నాకు మింగుడుపడలేదు.

రెక్క కొనను కాస్త పైకి లేపితే బాగుంటుందని వదినే అంది. సవ్యంగా గీసిన పాత్ అయితే కొన దగ్గరి నోడ్‌ను పట్టుకుని జరిపి, రెండువైపులా వంపును నడిపే పిడుల్లాంటి హ్యాండిల్స్‌ను సర్దితే ఆ పని అయిపోయేది. ఇక్కడ ఒక నోడ్‌ను జరిపితే అక్కడొక బొడిపె లేస్తోంది, దాన్ని అణచడానికి పక్కదాన్ని కదిపితే దాని అవతల గుంట పడుతోంది. కొన చుట్టూ ఉన్నవన్నీ కలిపి ఎంచుకుని జరిపితే, ఎంపిక ఆగిన చోట గీత విరిగినట్టవుతోంది. ఇదే ఫైలు కత్తిరించే యంత్రానికి వెళ్తే, లెక్కలేనన్ని చిన్నచిన్న ముక్కల వెంట కత్తి తడబడుతూ నడిచి అంచును గరుకుగా వదిలేస్తుంది.

నోడ్‌లను తగ్గించే సింప్లిఫై ఆదేశం వాడి చూడక మానలేదు. మొదటిసారి నొక్కినప్పుడు కొంత తేలికపడింది. వెంటవెంటనే మళ్లీ నొక్కితే ఇంక్‌స్కేప్ అంతకంతకు గట్టిగా పనిచేస్తుంది. అలా చేసేసరికి రెక్క నునుపు తేలింది గాని, ముక్కు కొన మొద్దుబారింది, కాలివేళ్ల మధ్య సందు పూడుకుపోయింది. వెనక్కి తీసుకున్నాను.

అప్పుడే నాకు పని నేర్పిన మేడమ్ గుర్తొచ్చారు. ఇక్కడ ఆవిడ ప్రస్తావన ఇదివరకు చాలాసార్లు వచ్చింది గాని, పాత్‌లు నేర్పిన తీరు గురించి ఎప్పుడూ రాసినట్టు లేదు. ఆవిడ మౌస్ ముట్టుకోనిచ్చేవారు కాదు. ముందుగా బొమ్మను కాగితం మీద ప్రింటు తీసి, పెన్సిలుతో నోడ్ ఎక్కడ ఉండాలో చుక్కలు పెట్టమనేవారు. ఒక వంపులో అన్నింటికన్నా పైనున్న చోటు, కిందనున్న చోటు, ఎడమ చివర, కుడి చివర ముందు గుర్తించాలి. పైనా కిందా ఉన్న నోడ్‌లకు హ్యాండిల్స్ అడ్డంగా, పక్కల ఉన్నవాటికి నిలువుగా ఉండాలి. గీత పదునుగా విరిగే చోట మూల నోడ్, వంపు దిశ మార్చుకునే చోట అవసరమైతే ఇంకొకటి. అంతకు మించి నేను పెట్టిన ప్రతి చుక్క మీదా ఆవిడ వేలు ఆగేది, “ఇది ఇక్కడ ఏం పని చేస్తోంది?” అని అడిగేవారు. జవాబు దొరక్కపోతే రబ్బరు పెట్టి తుడిచేవారు. వృత్తానికి నాలుగు నోడ్‌లు చాలని, హ్యాండిల్ పొడవు వ్యాసార్ధంలో సుమారు 0.5523 వంతు ఉంటే అసలు వృత్తానికీ దానికీ తేడా 0.03 శాతం కూడా ఉండదని, ఆ తేడాను ఏ కన్నూ పట్టుకోలేదని చెప్పింది ఆవిడే. ఇలా నోడ్‌లు, హ్యాండిల్స్‌తో గీసే బెజియర్ వంపులతో కచ్చితమైన వృత్తం గీయడం గణితపరంగా అసాధ్యమని అప్పుడు తెలిసి, ఆ సాయంత్రమంతా దాని గురించే ఆలోచించాను.

ఆ వంపులకు పేరిచ్చిన పియెర్ బెజియర్ రెనో కార్ల కంపెనీ ఇంజినీరు. ఆయన కన్నా ముందే, 1959లో, సిట్రోయెన్‌లో పనిచేసిన పాల్ ద కాస్తెల్జో అదే దారిలో నడిచాడు. ఆయన పనిని కంపెనీ బయటపెట్టకపోవడంతో పేరు బెజియర్‌కు దక్కింది. నాకు మాత్రం నోడ్ చేర్చే ప్రతిసారీ ద కాస్తెల్జోనే గుర్తొస్తాడు. ఒక వంపును ఏ చోటనైనా రెండుగా విడదీసి, రెండు ముక్కలూ కలిపి చూస్తే పాత వంపే ఉండేలా చేసే పద్ధతి ఆయనది. అందుకే పాత్ మీద కొత్త నోడ్ చేరిస్తే ఆకారం రవ్వంత కూడా మారదు. తీసేసేటప్పుడు ఆ హామీ లేదు. మిగిలిన హ్యాండిల్స్‌ను సర్ది పాత ఆకారానికి దగ్గరగా ఉంచాలని సాఫ్ట్‌వేర్ ప్రయత్నిస్తుంది, అంతే. చేర్చడానికి ఆలోచన అక్కర్లేదు, తీసేయడానికే కావాలి.

కాబట్టి ఆ ఫైలును పక్కన పెట్టి, స్కాన్‌ను అడుగు పొరలో ఉంచి తాళం వేసి, పైన పెన్ టూల్‌తో మొదటి నుంచీ గీయడం మొదలుపెట్టాను. రెక్క చక్కగా కుదిరింది. కొన కోరినంత పైకి లేచింది, మెడ వంపు కూడా తేలిగ్గానే వచ్చింది. ఇక కన్ను. దానికి పాత్ ఎందుకని వృత్తం షేప్ ఒకటి తీసుకుని పెట్టాను. షేప్‌గా ఉన్నంతసేపు దానికి తాను వృత్తమని తెలుసు, వ్యాసార్ధం ఎప్పుడైనా మార్చుకోవచ్చు. పాత్‌గా మారిస్తే ఆ సంగతి మరచిపోయి మామూలు గీతల్లో ఒకటైపోతుంది. అందుకని షేప్‌గానే ఉంచి, జూమ్ తగ్గించి బొమ్మ మొత్తం చూశాను.

అది వదిన కొంగ కాదు. ఏదో గుర్తుల సంకలనంలోంచి తెచ్చిపెట్టిన కొంగలా ఉంది. ఆటోట్రేస్ ఫైలును మళ్లీ తెరిచి రెండింటినీ పక్కపక్కన పెట్టాను. వదిన గీసిన కన్ను గుండ్రంగా లేదు. కింది అంచు కొద్దిగా చదునుగా ఉంది, పై అంచు ముక్కువైపు రవ్వంత వాలింది. ఆ వాలులోనే కొంగ నీళ్లలోకి చూస్తున్న చూపంతా ఉంది. రెక్క అడుగు అంచులోనూ అంతే. కుంచె కాగితం వదిలే ముందు సన్నబడుతూ రెండుసార్లు వణికిన చోట నేను ఒకే నునుపైన వంపు వేశాను. మేడమ్ పద్ధతి ప్రకారం అది సవ్యమైన పాత్. అయితే మేడమ్ నేర్పింది అక్షరాలకు, గుర్తులకు. అక్కడ చేతి జాడ కనిపించకూడదు. ఇక్కడ కనిపించాలి. సాయంత్రమంతా నేను విసుక్కున్న ఆ నోడ్‌ల గుంపులోనే ఆ రెండు వణుకులూ భద్రంగా ఉన్నాయి.

అలాగని ఆ ఫైలు మంచిదని ఇప్పుడు అనలేను. వణుకునూ దుమ్మునూ అది ఒకే గాటన కట్టింది; విడదీయడం ఎవరో ఒకరు కూర్చుని చేయాల్సిన పనే, పంపినవారు ఆ పని చేయలేదు. నునుపుగా గీసిపారేస్తే చాలునన్న మధ్యాహ్నపు అభిప్రాయం మాత్రం నాకిప్పుడు లేదు. వృత్తాన్ని తీసేశాను. కన్నును ఐదు నోడ్‌లతో గీసి, కింది అంచుకు రెండు నోడ్‌లు దగ్గరగా పెట్టి, వాటి మధ్య వంపును దాదాపు సరళరేఖలా ఉంచాను. ఐదోది ఏం పని చేస్తోందని మేడమ్ అడిగితే నా దగ్గర జవాబుంది. రెక్క అడుగున వణికిన చోట్ల నోడ్‌లు చేర్చి, వాటి హ్యాండిల్స్‌ను పొట్టిగా ఉంచాను. రెక్క వీపు మీద మాత్రం రెండే ఉన్నాయి.

కాళ్లు ఇంకా మిగిలే ఉన్నాయి. మధ్యగీత గీసి దానికే మందం (స్ట్రోక్) ఇవ్వాలా, లేక రెండువైపులా అంచులు గీసి లోపల రంగు నింపాలా (ఫిల్) అన్నది తేల్చుకోలేదు. స్ట్రోక్‌తో వంగడం సులువు గాని, మోకాలి దగ్గర వదిన కుంచె నొక్కి పెంచిన మందం అందులో రాదు. కత్తిరించే ముందు స్ట్రోక్‌ను ఎలాగూ పాత్‌గా మార్చాలి కనుక, మొదట స్ట్రోక్‌గా గీసి, మార్చాక మోకాలి దగ్గర మాత్రం అంచులను చేత్తో సర్దవచ్చేమో. పాప నిద్రలేవకముందే రేపు అలా ఒకసారి చేసి చూసి, రెండు కొంగలనూ వదినకు పంపుతాను.