తిరుపతి వెళ్ళాను, కొండెక్కలేదు

బెంగళూరు ఆఫీసులో శుక్రవారం సాయంత్రం బ్యాగు తగిలించుకుని లేస్తే ఎక్కడికని అడక్కుండా ఎవరూ వదలరు. తిరుపతి అన్నాను. అంతే, ముగ్గురు లడ్డూలు తెమ్మన్నారు, ఒకాయనైతే యాభై రూపాయల నోట్లు నాలుగు అప్పటికప్పుడు చేతిలో పెట్టేశాడు. నేను వెళ్ళేది దర్శనానికి కాదు సార్, కొర్లగుంటలో ఒక మేడ మీద గదిలో చేతి మీద పొట్టేలు పుర్రె పొడిపించుకోవడానికి అని ఆయనకు ఎలా చెప్పేది? నోట్లు జేబులో పెట్టుకున్నాను.

పొడిచేవాడు నా పాత స్నేహితుడే. కొన్నేళ్ళు బెంగళూరులో ఒక టాటూ స్టూడియోలో పనిచేసి, అద్దెలు కట్టలేక సొంతూరు తిరుపతికి వచ్చేశాడు. నా కుడి ముంజేతి మీద ఉన్న మొదటి టాటూ వాడు వేసిందే. అది ఒక డెత్ మెటల్ బ్యాండ్ పేరు, అంటే గిటార్లు బండగా మోగిస్తూ గొంతు చించుకుని గర్జించే రాక్ సంగీతం. ఏ బ్యాండని అడక్కండి, చెప్పినా మీరు విని ఉండరు, చూసినా చదవలేరు. ఆ సంగీతంలో పేరు ఎంత చదవరాకుండా రాస్తే అంత గొప్ప.

మాది చిత్తూరు. మెటల్ అంటే బెంగళూరే అనుకుంటూ పెరిగినవాణ్ణి. 2011 అక్టోబరు 30న ప్యాలెస్ గ్రౌండ్స్‌లో అమెరికా మెటల్ బ్యాండ్ మెటాలికా వస్తే, ఇంజినీరింగ్ పరీక్షలకు కంబైన్డ్ స్టడీ అని ఇంట్లో అబద్ధం చెప్పి ఇదే రోడ్డు మీద వెళ్ళాను. అంతకు రెండు రోజుల ముందు ఢిల్లీ పక్కన జరగాల్సిన షో రద్దయిందని తెలిసి, ఇది కూడా పోతుందేమోనని మొగిలి ఘాటు ఎక్కినప్పటి నుంచీ ఒకటే టెన్షన్. కాబట్టి అదే మనిషి అదే రోడ్డు మీద అటు నుంచి ఇటు, టాటూ కోసం తిరుపతికి రావడం నాకే వింతగా ఉంది.

2025 సెప్టెంబరు రెండో వారం, శనివారం పొద్దున మెజెస్టిక్‌లో ఆంధ్రా ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాను. ముళబాగిలు దాటాక టిఫిన్‌కి ఆపారు. రెండు ఇడ్లీలు, ఒక వడ తొంభై రూపాయలు. చట్నీ రెండోసారి అడిగితే సర్వర్ నన్ను చూసిన చూపుకి ఇంకో ఇరవై వేసుకోవచ్చు. దోసెకు పేరున్న ఊరి పక్కన ఇంత చేతకాని ఇడ్లీ పెట్టాలంటే కూడా సాధన కావాలి. అది వదిలేద్దాం.

పలమనేరులో ఒక అవ్వ ఎక్కి నా పక్కన కూర్చుంది. కూర్చోగానే ఆధార్ కార్డు తీసి కండక్టర్‌కి చూపించింది. "ఇది బెంగళూరు బస్సవ్వా, స్టేట్ దాటి వచ్చింది, దీంట్లో ఫ్రీ లేదు" అన్నాడాయన. మొన్న ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు బస్సు ఉచితమని ఊరంతా చెప్పినారు, బస్సుకి బస్సుకి తేడా ఉంటుందని ఎవురూ చెప్పలేదే అని అవ్వ, రూలు నేను పెట్టింది కాదని ఆయన. చివరికి కొంగు ముడి విప్పి డబ్బులిచ్చింది, చిత్తూరు దాకా. ఇచ్చాక కూడా గొణుగుడు ఆగలేదు. ఆ గొణుగుడు మధ్యలో నా చెయ్యి కనబడింది.

"ఏం నాయనా, చెయ్యి కాలిందా?"

"లేదవ్వా, పచ్చబొట్టు."

చెయ్యి పట్టుకుని కిటికీ వెలుతురుకి తిప్పింది. "చెట్టు వేరు మాదిరి ఉండాదే. ఏం చెట్టు?"

చెట్టు కాదు, పేరు అన్నాను. ఎవురి పేరు, పెండ్లాం పేరా అంది. పాటలు పాడేవాళ్ళ పేరని చెప్పాను. "నాకు చదువు రాదులే" అని తనమీదే వేసుకుంది, నాకు పాపమనిపించింది. అది కాదవ్వా, ఎవరికీ రాదు అంటే నమ్మలేదు. ముందు సీట్లో కాలేజీ కుర్రాణ్ణి భుజం మీద తట్టి, దీన్ని చదువు అంది. వాడు తల ఇటు వంచి అటు వంచి, ఫోన్‌తో ఫోటో కూడా తీసి పెద్దది చేసి చూసి, సారీ అవ్వా అన్నాడు. అవ్వ మొహం వెలిగిపోయింది. చదువుకున్నోడికే రాలేదు!

"ఎంత తీసుకున్నాడు?"

"నాలుగున్నర వేలు."

ఆమె ఏమీ అనలేదు. తన రెండు చేతులూ ముందుకు చాచింది. మణికట్టు నుంచి మోచేతి దాకా గీతలు, చుక్కల ముగ్గు, ఒక తేలు. ముడతల్లో తేలు కొండి కాస్త వంకరైంది. "చేటెడు రాగులు, ఒక పాత రైక" అంది.

ఆ తరువాత బంగారుపాళ్యం దాకా బస్సులో నాకు ఇంకేం వినబడలేదు. రాగి కోతలయ్యాక ఎరుకలామె వచ్చేదట. పసుపు, అవిశాకు కలిపి నూరి, గుడ్డలో పెట్టి వత్తి చేసి, ఆముదం దీపం వెలిగించి దాని మీద కొత్త కుండ బోర్లిస్తే లోపల మసి పడుతుంది. ఆ మసిని గీకి బాలింత పాలతో కలిపేది. మూడు నాలుగు సూదులు దారంతో కట్టి పొడిచేది. అప్పుడు అవ్వ ఆరేడేళ్ళ పిల్ల, చెయ్యి కదలకుండా మేనత్త ఆమె మీద కూర్చుందట. మేనత్తే మోకాలు వేసి మరీ అదిమి పెట్టింది, ఆ కోపం ఇప్పటికీ ఉంది, మేనత్త చచ్చి ఇరవై ఏళ్ళయినా.

"పొడిచినంతసేపూ పాట పాడతా ఉంటాది. గట్టిగా."

నొప్పి తెలీకుండానా అన్నాను. అవ్వ నన్ను తెలివితక్కువవాణ్ణి చూసినట్టు చూసింది. "నొప్పి తెలీకుండా ఎట్లుంటాది? సూది కదా. పాట నాకు కాదు నాయనా. బయట వరసలో నిలబడిన ఆడపిల్లోళ్ళకి. నా ఏడుపు వినబడితే ఒక్కతీ నిలబడదు, చేలల్లో పడి పారిపోతారు."

ఆ పాట ఒక్క ముక్క పాడమని బతిమాలాను. "బస్సులోనా? సిగ్గుల్యా?" అని కిటికీ వైపు తిరిగి కూర్చుంది. చిత్తూరులో మనవరాలి కాన్పుకి ఆస్పత్రికి పోవాలని దిగిపోయింది. నేను దిగలేదు. మా ఇల్లు కట్టమంచిలో, బస్టాండు నుంచి ఆటోలో పది నిమిషాలు, కానీ చెయ్యి చూపించే ధైర్యం రేపటికి దాచుకుని, తెలిసినవాళ్ళెవరైనా చూస్తారని బస్సు కదిలేదాకా తల వంచి ఫోన్ చూస్తూ కూర్చున్నాను. ముప్పై నాలుగేళ్ళ వయసులో.

తిరుపతిలో గది గురించి రెండు మాటలే. స్టేషన్ ఎదుట వీధిలో మూడు లాడ్జీలు ఎక్కి దిగాను. "సింగిల్‌కి ఇవ్వం సార్." మొదటివాడు మర్యాదగా చెప్పాడు, రెండోవాడు తల ఎత్తకుండా చెప్పాడు, మూడోవాడు నా చెయ్యి చూసి, ఫ్యామిలీలు ఉంటారు సార్ అన్నాడు. ఒంటరిగా వచ్చి బాధలో ఏమైనా చేసుకుంటారని భయం అంటారు, నాకూ తెలుసు. కానీ దేవుడి ఊళ్ళో ఒక్క మనిషికి చోటు లేకపోవడం ఏమిటో, ఇంకొకణ్ణి తోడు తెచ్చుకుంటేనే మనిషన్నట్టు.

నా స్నేహితుడి మేడ కింద నీళ్ళ క్యాన్ల ప్లాంటు. మెట్ల నిండా ఖాళీ క్యాన్లు. పైన ముందు గదిలో వీడి టాటూ షాపు, వెనక గదిలో గోడల నిండా కోడిగుడ్ల ట్రేలు అతికించిన ప్రాక్టీస్ రూము. నలుగురు కుర్రాళ్ళు, రెండు గిటార్లు, ఒక డ్రమ్ సెట్టు. గిటార్ వాయించేవాడు రేణిగుంట వైపు ఫోన్లు బిగించే ఫ్యాక్టరీలో షిఫ్టు పని. బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పదిహేడేళ్ళకు రెండు వేళ్ళ కొసలు పోగొట్టుకుని, ప్లాస్టిక్ కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకుని, తీగల బిగువు తగ్గించి ఆ బరువైన ధ్వని పుట్టించిన బ్లాక్ సబ్బత్ బ్యాండ్ గిటారిస్టు టోనీ అయోమీ కథ వీడికి పురాణం. షిఫ్టులో కట్టర్ దగ్గరికి వెళ్ళినప్పుడల్లా గుర్తొస్తుందట, "వేళ్ళు మాత్రం జాగ్రత్తగానే పెట్టుకుంటా అన్నా" అన్నాడు.

ప్రాక్టీసు రాత్రి ఏడు నుంచి తొమ్మిది. మొదట్లో పొరుగింటావిడ నిమ్మకాయలు పట్టుకుని వచ్చిందట. శబ్దం గురించి కాదు, ఆ గొంతు విని ఎవరికో గాలి సోకిందనుకుని.

మధ్యాహ్నం రెండింటికి టాటూ బల్ల మీద పడుకున్నాను. ఎడమ దండచెయ్యి లోపలి వైపు, చంక దగ్గరగా. స్టెన్సిల్ అతికించి పీకి, అద్దంలో చూపించి, కొత్త సూది కాట్రిడ్జ్ నా ఎదుటే విప్పాడు. చర్మం పైపొర దాటి ఒకటి రెండు మిల్లీమీటర్లు, అంతకంటే లోతుకు పోతే ఇంకు అలికినట్టవుతుంది. ఒంట్లో కొన్ని తెల్లకణాలు ఆ ఇంకును పురుగనుకుని మింగేసి అక్కడే కూర్చుండిపోతాయని, అవి చస్తే వాటి తరువాతివి మళ్ళీ మింగుతాయని వాడు చెబుతుంటే, మెషీన్ చప్పుడు కంటే అది ఎక్కువ ఒళ్ళు జలదరించింది. ఏడాది దాకా రక్తం ఇవ్వడానికి లేదని కూడా గుర్తు చేశాడు.

ఇక్కడ గిరాకీ ఎలా ఉందిరా అన్నాను. పదిమందిలో తొమ్మిదిమందికి నామం, శంఖుచక్రాలు, అమ్మ పేరు. పుర్రె కావాలనేవాళ్ళు నువ్వూ, వెనక గదిలో నలుగురూ. మీ ఇంట్లో ఏమన్నారని అడిగితే నవ్వాడు. వాళ్ళ తాతకు రెండు భుజాల మీదా శంఖం, చక్రం ముద్రలు, ఎర్రగా కాల్చి వేసినవి. "కాలిన ఇనుము కంటే సూది నయం కదా అని మా నాయన ఒప్పుకున్నాడు."

2025 జూలైలో బ్లాక్ సబ్బత్ గాయకుడు ఓజీ ఆస్‌బర్న్ పోయినప్పటి నుంచి వీడి స్పీకర్‌లో బ్లాక్ సబ్బత్ తప్ప ఇంకోటి మోగడం లేదు. 1970 నాటి ఆ మొదటి ఆల్బమ్ గంట, వాన చప్పుడుతో మొదలవుతుంది. బాగానే ఓర్చుకుంటున్నాను. నాలో నేనే మెచ్చుకుంటున్నాను కూడా.

కరెంటు పోయింది.

స్పీకర్ ఆగింది, ఏసీ ఆగింది, కింద ప్లాంటు మోటారు ఆగింది. సూది ఆగలేదు. 1876లో కాగితాలకు నకళ్ళు తీయడానికి ఎడిసన్ పేటెంట్ తీసుకున్న కరెంటు పెన్నును పట్టుకుని 1891లో న్యూయార్క్‌లో శామ్యూల్ ఓరైలీ టాటూ మెషీన్ పేటెంట్ తీసుకున్నాడని అంతకు పది నిమిషాల ముందే వీడు పాఠం చెప్పాడు. ఇప్పుడు వీడి చేతిలోది బ్యాటరీది, కరెంటుతో పనే లేదు. నెత్తికి కట్టుకునే లైటు ఒకటి వేసుకుని అలాగే పొడుస్తున్నాడు. ఆ నిశ్శబ్దంలో ఎక్కడో కుక్కపిల్ల కుంయ్‌మంటున్నట్టు వినబడింది. పాపం దేనికింద పడిందో అనుకున్నాను. రెండోసారి వచ్చినప్పుడు తెలిసింది, అది నేనే.

తలుపు దగ్గర బెంచీ మీద ఒక ఇంజినీరింగ్ కుర్రాడు తన వంతు కోసం కూర్చుని ఉన్నాడు, వాళ్ళమ్మ పేరు రాయించుకోవాలని. వాడు లేచి నిలబడ్డాడు. హెల్మెట్ చేతిలోకి తీసుకున్నాడు. నాకు పలమనేరు అవ్వ మాట గుర్తొచ్చి, ఏడుపు మింగబోతే నవ్వు, నవ్వితే చెయ్యి కదిలి, వీడు నన్ను తిట్టి.

అప్పుడు వెనక గదిలోంచి డ్రమ్మర్ వచ్చాడు. మెట్ల మీద నుంచి ఇరవై లీటర్ల ఖాళీ క్యాన్లు రెండు తెచ్చి బోర్లించి, చేతులతో మొదలుపెట్టాడు. వాళ్ళ నాయన డప్పు కళాకారుడు, ఇల్లు తాతయ్యగుంట గంగమ్మ గుడి పక్కన. మెటల్ దరువుగా మొదలైంది కానీ నాలుగు నిమిషాలకు అది గంగమ్మ జాతర దరువైపోయింది, వాడికే తెలియకుండా. కింద ప్లాంటులో క్యాన్లు మోసేవాళ్ళు ఇద్దరు పైకొచ్చి నిలబడ్డారు. ఎంతసేపు వాయించాడో తెలీదు, అరచేతులు ఎర్రబడ్డాయి. ఇంజినీరింగ్ కుర్రాడు మాత్రం అన్నా మళ్ళీ వస్తా అని వెళ్ళిపోయాడు. రాలేదు.

కరెంటు వచ్చాక ఆ డ్రమ్మర్ మేలో జాతరకు తీయించుకున్న ఫోటోలు చూపించాడు. బైరాగి వేషానికి ఒళ్ళంతా తెల్లటి నామం సుద్ద, తోటి వేషానికి ఒళ్ళంతా బొగ్గు, మెడలో వేపాకు, నోటినిండా బూతులు, ఆ రోజుల్లో తిట్టినా ఎవరూ కోప్పడరు. మొహం తెల్లగా, కళ్ళ చుట్టూ నల్లగా శవంలా రంగేసుకునే నార్వే బ్లాక్ మెటల్ వాళ్ళ పోస్టర్లు హాస్టల్ గోడకు అతికించుకున్నవాణ్ణి నేను, గంట దూరంలో ఉంటూ ఒక్కసారి కూడా ఈ జాతరకు రాలేదు. మా ఇంట్లో పంపేవాళ్ళు కాదు, బూతులు నేర్చుకుంటానని.

రాత్రి ఆ ప్రాక్టీస్ రూములోనే చాప మీద పడుకున్నాను. పడుకునేముందు అందరం ఫోటోకి చూపుడువేలు, చిటికెన వేలు ఎత్తి కొమ్ములు పెట్టాం. ఆ గుర్తును మెటల్‌లో అందరికీ అలవాటు చేసిన గాయకుడు రోనీ జేమ్స్ డియోకి అది వాళ్ళ ఇటలీ అవ్వ దగ్గర వచ్చింది, దిష్టి తగలకుండా ఆవిడ అలా వేళ్ళు చూపేదట. ఉప్పూ మిరపకాయలూ తిప్పేసే మా అవ్వకైతే ఈ పద్ధతి నచ్చేది, ఖర్చు లేదు.

పొద్దున వస్తుంటే స్నేహితుడి అమ్మ నాలుగు లడ్డూలు కవర్లో పెట్టి ఇచ్చింది. తిరుపతివాళ్ళ ఫ్రిజ్‌లో లడ్డూలు లేకుండా ఉండవు, ఎవరో ఒకరు దర్శనానికి వచ్చి ఇచ్చి పోతుంటారు. అంటే రెండు వందలు నాకు మిగిలాయి. ఆఫీసులో ఆయనకు తిరిగిచ్చే ఉద్దేశం లేదు.

చిత్తూరులో దిగి ఇంటికి వెళ్ళాను. అమ్మ లడ్డూ కళ్ళకద్దుకుని, దర్శనం బాగా జరిగిందా అని అడిగింది. నేను చొక్కా చెయ్యి పైకి మడిచాను. ప్లాస్టిక్ చుట్టిన చేతిని కాసేపు చూసింది. కళ్ళజోడు తెచ్చుకుని మళ్ళీ చూసింది.

"పొట్టేలా?"

"ఊఁ."

"ఎంతయింది?"

"ఏడు వేలు."

"ఏడు వేలా! ఆదివారం అంగట్లో నిజం తలకాయే ఎనిమిది వందలు కదరా, కాల్చి కొట్టి కూడా ఇస్తాడు."