కాలేజీ లైబ్రరీలో కార్యక్రమం పెడుతున్నారా? బస్సు టైము కూడా చూసుకోండి

విశాఖలో కాలేజీ లైబ్రరీ కార్యక్రమాలకు పిల్లలు రావడం లేదనీ, చదువు మీద ఆసక్తి తగ్గిపోయిందనీ తరచూ వింటుంటాం. నేను ఒప్పుకోను. మధ్యాహ్నం మూడింటికి మొదలైన కార్యక్రమంలో మూడున్నర దాకా స్వాగతోపన్యాసాలూ శాలువాలే నడిస్తే అనకాపల్లి, పెందుర్తి, భీమిలి వైపు వెళ్లాల్సినవాళ్ల ధ్యాసంతా బస్సు మీదే ఉంటుంది. మద్దిలపాలెంలోనో ఆర్టీసీ కాంప్లెక్సులోనో బస్సు తప్పితే ఇల్లు చేరేసరికి చీకటి పడుతుంది. డే స్కాలర్లు ఎక్కువగా ఉన్న కాలేజీలో ఏ కార్యక్రమమైనా లంచ్‌కి ముందు, ఒక పీరియడ్ లోపల, నలభై నిమిషాల్లో అయిపోవాలి. ఆ పీరియడ్‌ని హెచ్‌ఓడీని అడిగి ముందే రాయించుకోవాలి. నోటీసు బోర్డు మీద సర్క్యులర్ అంటిస్తే చాలదు. ముందు రోజు సాయంత్రం ఒకసారి, ఆ రోజు పొద్దున్న ఒకసారి క్లాస్ రిప్రజెంటేటివ్‌ల ద్వారా వాట్సాప్ గ్రూపులో పడాలి. అన్నిటికన్నా ముఖ్యం, వచ్చిన విద్యార్థి బయటికి వెళ్లేలోగా తనకు పనికొచ్చే ఒక పని పూర్తయి ఉండాలి: పుస్తకం ఇష్యూ కావడమో, లాగిన్ తెరుచుకోవడమో, పాత ప్రశ్నపత్రం ఫోన్‌లోకి రావడమో.

కొత్త బ్యాచ్‌కి పెట్టే ఓరియంటేషన్ నుంచే మొదలుపెడదాం. అరవై మందిని రీడింగ్ హాల్లో కూర్చోబెట్టి స్లైడ్లు చూపిస్తే ఒక్కటీ గుర్తుండదు. ఇరవై మంది చొప్పున మూడు జట్లు చేసి, మూడు చోట్ల పన్నెండేసి నిమిషాలు తిప్పండి. ఒకచోట కంప్యూటర్‌లో పుస్తకం వెతకడం, రెండోచోట దాన్ని ర్యాక్‌లో పట్టుకోవడం, మూడోచోట కౌంటర్ దగ్గర ఇష్యూ చేయించుకోవడం. ఒక్కొక్కరి చేతిలో ఒక చీటీ పెట్టండి, దాని మీద పుస్తకం పేరు మాత్రమే రాయండి. కాల్ నంబర్, అంటే ఆ పుస్తకం ఏ ర్యాక్‌లో ఎక్కడుందో చెప్పే అంకె, వాళ్లే కనుక్కోవాలి. ర్యాక్ దగ్గర దాదాపు అందరూ తడబడేది ఒకే చోట. 657.046, 657.3 ఈ రెండింట్లో ఏది ముందు వస్తుందంటే, నలభై ఆరు కన్నా మూడు చిన్నది కాబట్టి 657.3 ముందుంటుందనుకుంటారు. చుక్క తర్వాత ఒక్కో అంకెనూ విడివిడిగా పోల్చాలి, సున్నా ముందు, మూడు తర్వాత. ఇది ర్యాక్ ముందు నిలబెట్టి, రెండు పుస్తకాలు చేతిలో పెట్టి చెప్తేనే ఎక్కుతుంది. మరో మాట: తీసిన పుస్తకాన్ని వాళ్లను మళ్లీ ర్యాక్‌లో పెట్టనివ్వకండి, టేబుల్ మీద వదిలేయమనండి. తప్పు చోట దూరిన పుస్తకం స్టాక్ వెరిఫికేషన్ దాకా దొరకదు. అప్పటివరకూ కంప్యూటర్ అది ఉందనే చెప్తుంది, పిల్లలు లైబ్రరీలో ఏదీ దొరకదని అనుకుంటారు.

ఇంతకీ ఓరియంటేషన్ రోజున ఎక్కువగా పరువు తీసేది తెలుగు పుస్తకాల వెతుకులాట. పుస్తకం తెలుగు సాహిత్యపు 894.827 ర్యాక్‌లో కళ్లెదురుగా ఉంటుంది, క్యాటలాగ్ మాత్రం లేదంటుంది. దీనికి కారణాలు నాలుగైదున్నాయి, ఒక్కోదానికి వైద్యం వేరు. పాత రికార్డులు అను వంటి డీటీపీ ఫాంట్లలో ఎక్కించి ఉంటే అవి కంప్యూటర్‌కి తెలుగు అక్షరాలే కావు. వాటిని యూనికోడ్‌లోకి మార్చి, ఒత్తులు సరిచూసుకోవాలి. రెండోది, కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్ వాడుతూ, అందులో వెతికిపెట్టే ఇంజిన్‌గా జీబ్రాని ఉంచుకున్నవాళ్లు, మామూలు ఇండెక్సింగ్ పద్ధతి నుంచి యూనికోడ్ లిపులను అర్థం చేసుకునే ఐసీయూ పద్ధతికి మార్చుకోవాలి. మార్చి వదిలేస్తే కుదరదు, ఆ తర్వాత మొత్తం రికార్డులను రీఇండెక్స్ చేయాలి. మూడోది, రాత తేడా. ఒకరు కథలు అని ఎక్కిస్తే ఇంకొకరు కధలు అని ఎక్కిస్తారు, యంత్రానికి అవి రెండు వేరు మాటలు. నాలుగోది కంటికి కనపడదు: పొల్లు తర్వాతి అక్షరం ఒత్తుగా మారకుండా వేసే జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే గుర్తు. టైపు చేసినవాళ్లు అది పెట్టి, వెతికేవాళ్లు పెట్టకపోతే పుస్తకం దొరకదు. అన్నిటికీ మించి, పిల్లలు ఫోన్‌లో తెలుగు పేర్లను ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొడతారు. అందుకని క్యాటలాగ్ రికార్డులో (మార్క్ నమూనా) పుస్తకం పేరుండే 245 ఫీల్డులో తెలుగు లిపి పేరు ఉంచి, 246లో అదే పేరును ఇంగ్లిష్ అక్షరాల్లో, వాడుకలో ఎక్కువగా రాసే రెండు రకాలుగా చేర్చండి. రోజుకు ముప్ఫై పుస్తకాలు సరిచేసినా సెలవులు పోను ఒక సెమిస్టర్‌లో రెండు వేలు దాటతాయి. ప్రచారానికి నోచుకోని పని ఇది, కానీ ఏ ఉత్సవం కన్నా ఇదే ఎక్కువ మంది పాఠకులను తెస్తుంది.

ఈ-వనరుల శిక్షణ దగ్గరికి వద్దాం. ముందు మీ కాలేజీకి ఏది వర్తిస్తుందో తేల్చుకోండి. పరిశోధన జర్నళ్లను దేశమంతటికీ ఒకే చందాతో అందించే వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకానికి కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరు 25న ఆమోదం తెలిపింది. 2025 నుంచి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించారు, 30 ప్రచురణ సంస్థల దాదాపు 13,000 జర్నళ్లు దాని కిందికి వస్తాయి. అది కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు నడిపే ఉన్నత విద్యాసంస్థలకు, కేంద్ర పరిశోధన సంస్థలకు ఉద్దేశించింది. ప్రైవేటు కాలేజీలకు ఈ-పుస్తకాలూ జర్నళ్లూ అందించే ఎన్-లిస్ట్, డెల్‌నెట్ వంటి సభ్యత్వాలే దిక్కు. నేషనల్ డిజిటల్ లైబ్రరీ మాత్రం అందరిదీ. ఐఐటీ ఖరగ్‌పూర్ నడుపుతోంది, రిజిస్ట్రేషన్ ఉచితం.

శిక్షణ రోజున చెడేది పాఠం కాదు, లాగిన్. అడ్మిషన్ అప్పుడు నెట్ సెంటర్ వాళ్లు తెరిచిన మెయిల్ ఐడీ కాలేజీ రికార్డుల్లో ఉంటుంది, దాని పాస్‌వర్డ్ ఆ విద్యార్థికే తెలియదు. సభ్యత్వపు మెయిల్ అందులోకి పోయి కూర్చుంటుంది. కాబట్టి పది రోజుల ముందే ఒక ఫారం పంపి, ఇప్పుడు ఫోన్‌లో తెరిచి ఉన్న మెయిల్ ఐడీనే రాయించుకోండి. వచ్చిన జాబితాలో జీమెయిల్ అక్షరాలు తారుమారైనవీ, చివర ఖాళీ వదిలినవీ సరిచేసి అప్‌లోడ్ చేయండి. మూడు రోజుల ముందు, మెయిల్ వచ్చిందో లేదో స్పామ్‌తో సహా చూసుకోమనండి. రానివాళ్ల పేర్లు అప్పుడే తీసుకోండి. ఆ రోజు అందరూ ఒకే వైఫై మీద పడితే అది కూలబడుతుంది. సగం మందిని సొంత డేటా వాడమనండి. వెతకమని ఇచ్చే అంశం వాళ్ల సిలబస్‌లోదే ఉండాలి. కెమిస్ట్రీ వాళ్లకు రెండో యూనిట్‌లో అంశం ఒకటి ఇచ్చి, ఒక వ్యాసం పీడీఎఫ్ దించుకున్నాకే సంతకం పెట్టించండి. ఇంకో విషయం కచ్చితంగా చెప్పాలి: ఒకేసారి డజన్ల కొద్దీ వ్యాసాలు దించితే ప్రచురణకర్తలు కాలేజీ మొత్తానికి దారి మూసేయగలరు.

పాత ప్రశ్నపత్రాల సేవను చిన్నచూపు చూసే లైబ్రేరియన్లున్నారు. అది పుస్తకం కాదంటారు. పరీక్షల ముందు విద్యార్థి అడిగేది అదే అయితే, అది ఇవ్వడమే మన పని. పాఠకుడి సమయం ఆదా చేయమని మన గ్రంథాలయ శాస్త్రవేత్త ఎస్.ఆర్.రంగనాథన్ 1931లోనే చెప్పారు. కాకపోతే పేపర్లు గుట్టగా పోసి క్యూఆర్ కోడ్ అంటిస్తే సరిపోదు. ఫైలు పేరులోనే కోర్సు, సెమిస్టర్, సబ్జెక్టు, రెగ్యులేషన్, నెల, ఏడాది ఉండాలి. ఇంజినీరింగ్‌లో ఆర్-20 రెగ్యులేషన్ (పాత సిలబస్) పేపరు చూసి ఆర్-23 పరీక్షకు తయారైతే నష్టం విద్యార్థిదే. డిగ్రీలో 2023-24 నుంచి ఒకే ప్రధాన సబ్జెక్టు ఉండే సింగిల్ మేజర్ విధానం వచ్చింది కాబట్టి అంతకు ముందరి పేపర్లను వేరే ఫోల్డర్‌లో పెట్టి, పాత సిలబస్ అని పైన రాయండి. స్కాన్ 300 డీపీఐలో చేయండి, బొమ్మలోని అక్షరాలను చదవగలిగే పాఠంగా మార్చే ఓసీఆర్ కూడా నడపండి. ఇది చూపు లేని విద్యార్థుల కోసం. ఫోన్‌తో ఫొటో తీసి పీడీఎఫ్ చేసిన పేపరు తెర మీది మాటలను పైకి చదివి వినిపించే ఎన్‌వీడీఏ లాంటి స్క్రీన్ రీడర్‌కి ఖాళీ కాగితమే, ఒక్క మాట చదవదు. ఉచితంగా దొరికే టెసరాక్ట్ అనే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ ఇంగ్లిష్‌తో పాటు తెలుగునూ గుర్తిస్తుంది. తెలుగులో ఒత్తుల దగ్గర తప్పులు వస్తాయి, ఒకసారి చదివి దిద్దాలి. ఎన్‌వీడీఏ కూడా ఉచితమే. లైబ్రరీలో ఒక కంప్యూటర్‌లో దాన్ని వేసి, హెడ్‌ఫోన్ తగిలించి, ఆ సీటు ఇంకెవరికీ ఇవ్వకుండా ఉంచడం ఏ కాలేజీకైనా సాధ్యమే. వాళ్లు చదవగలిగే రూపాల్లో పుస్తకాలు కావాలంటే సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ లైబ్రరీ ఉంది.

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు. ఏడు రోజులూ ఏదో ఒకటి చేయాలని ముగ్గుల పోటీ, రంగుల పోటీ పెట్టకండి. పుస్తక ప్రదర్శన ఒక్కటి బాగా చేస్తే చాలు. ఆరడుగుల టేబుల్ మీద అట్ట కనపడేలా ముప్ఫై పుస్తకాలు పడతాయి, నాలుగు టేబుళ్లకు నూట ఇరవై. అంతకు మించి పెట్టకండి. గత రెండేళ్లలో ఒక్కసారీ ఇష్యూ కాని మంచి పుస్తకాలను సాఫ్ట్‌వేర్ రిపోర్టుతో తీసి సగం వాటితో నింపండి, మిగతా సగం కొత్తవి. అద్దాల బీరువాలో పెట్టి చూసి పొమ్మంటే ప్రదర్శన దండగ. టేబుల్ చివర లాప్‌టాప్, బార్‌కోడ్ స్కానర్ పెట్టి అక్కడికక్కడే ఇష్యూ చేయండి. ఖాళీ అయిన చోట నింపడానికి పక్కన మరో నలభై సిద్ధంగా ఉంచుకోండి. ప్రదర్శన వరండాలో పెడితే సాయంత్రానికి లోపలికి తీసేయాలి. మన సముద్రపు గాలికి రాత్రంతా బయట ఉన్న కాగితం అలలు తేలిపోతుంది. గదిలో తేమ 65 శాతం దాటి నిలిచిపోతే బూజు మొదలవుతుంది. తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ ఒకటి కొని పెట్టుకోండి. పైగా అక్టోబరు, నవంబరు మన తీరానికి తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటింది ఇక్కడే. లోపలి హాలు ఒకటి ముందే అడిగి ఉంచుకోవాలి, కిటికీ పక్క ర్యాకులకు కప్పే పాలిథిన్ షీట్లు సెప్టెంబరులోనే తెచ్చుకోవాలి. ఉపన్యాసం తప్పదనుకుంటే ఒక్కటే, ఇరవై నిమిషాలు. పుస్తకం హస్తభూషణం అంటూ సాగదీసే బదులు 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథభాండాగార సంఘం ఎలా పుట్టిందో, గ్రంథాలయోద్యమ నాయకుడు అయ్యంకి వెంకటరమణయ్య వంటివాళ్లు ఊరూరా ఏం చేశారో చెప్పించండి.

మిగతా రోజుల్లో ఆగస్టు 12 రంగనాథన్ జయంతి, ఆగస్టు 29 తెలుగు భాషా దినోత్సవం. రెండూ సెమిస్టర్ మొదట్లో పడితే ఖాళీ దొరుకుతుంది, మిడ్స్ తేదీలు మాత్రం చూసుకోండి. ఏప్రిల్ 23 పుస్తక దినోత్సవం చాలాచోట్ల పరీక్షల వేళకు వస్తుంది. ఆ రోజు సభ పెట్టకండి, రీడింగ్ రూమ్ ఇంకో రెండు గంటలు తెరిచి ఉంచండి, అదే వాళ్లకు ఉత్సవం.

పీజీ ప్రాజెక్టు రాసేవాళ్లకు రిఫరెన్సుల శిక్షణ విడిగా కావాలి, పదిహేను మందికి మించకుండా. రిఫరెన్సులను కూర్చి జాబితా చేసిపెట్టే జొటెరో సాఫ్ట్‌వేర్ వేయించి, వర్డ్‌లో దాని బటన్ కనపడుతోందో లేదో ముందే చూడండి. వర్డ్ తెరిచి ఉండగా ఇన్‌స్టాల్ చేస్తే తరచూ అది కనపడదు. మన పేర్లతో ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఇంటిపేరు ముందు రాసుకునే అలవాటు మనది, జొటెరో మాత్రం చివరి మాటనే ఇంటిపేరు అనుకుంటుంది. దించుకున్న ప్రతి రికార్డులోనూ రెండు గడులూ చూసి చేత్తో సరిచేయాలి, లేకపోతే ఒకే రచయిత జాబితాలో ఇద్దరవుతారు. ఇతరుల రాతలతో పోలిక శాతం గురించి యూజీసీ 2018 నిబంధనలు కూడా చెప్పండి: 10 శాతం దాకా శిక్ష లేదు, 10 నుంచి 40, 40 నుంచి 60, 60 పైన మూడు అంచెలు. శాతం తగ్గించడానికి మాటలు మార్చే యాప్ వాడితే రాత ఎలా పాడవుతుందో ఒక పేరా చూపిస్తే వాళ్లకే అర్థమవుతుంది.

కాలేజీలకు గ్రేడు ఇచ్చే నాక్ ఫైలు కోసం సర్క్యులర్, సంతకాల షీటు, జియోట్యాగ్ ఫొటో, అభిప్రాయాలు, ఒక పేజీ నివేదిక అదే రోజు సాయంత్రం ఒక ఫోల్డర్‌లో వేసేయండి. ఆర్నెల్ల తర్వాత కూర్చితే తేదీలు కలవవు. నివేదికలో ఎవరు జ్యోతి వెలిగించారో కన్నా రెండు అంకెలు ముఖ్యం: కార్యక్రమానికి ముందు రెండు వారాల్లో ఆ క్లాసు తీసుకున్న పుస్తకాలెన్ని, తర్వాత రెండు వారాల్లో ఎన్ని. ఆ రెండో అంకె పెరగకపోతే వచ్చే ఏడాది ఆ కార్యక్రమాన్ని మానేయండి.

ఊళ్లో ఉన్న పెద్ద లైబ్రరీలను కూడా వాడుకోండి. ఆంధ్ర విశ్వకళా పరిషత్తులో డాక్టర్ వి.ఎస్.కృష్ణా గ్రంథాలయం, ద్వారకానగర్‌లో విశాఖపట్నం పబ్లిక్ లైబ్రరీ ఉన్నాయి. ప్రిన్సిపాల్ లేఖ వారం ముందు పంపి, పాతిక మందిని మించకుండా తీసుకెళ్లండి. ప్రతివాళ్ల దగ్గరా ఐడీ కార్డు, రెండు పాస్‌పోర్టు ఫొటోలు, ఆధార్ జిరాక్స్ ఉండేలా చూడండి. సభ్యత్వ నిబంధనలు ముందే ఫోన్ చేసి కనుక్కుంటే, నచ్చినవాళ్లు ఆ రోజే సభ్యులుగా చేరవచ్చు.