నోటీసు బోర్డులో నెల రోజులు

పలాసలో జీడి పని చేసేవాళ్లని చేతులు చూసి గుర్తుపట్టేయొచ్చు. పిక్క పెంకులో ఉండే నూనె వేళ్లను కాల్చి నల్లగా చేసేస్తుంది. ఎంత తోమినా పోదు. డ్వాక్రా లోను కాగితం మీద సంతకం పెడుతుంటే బ్యాంకు సార్ నా వేళ్లే చూస్తున్నారు. జాలి పడతారేమో అనుకుని చేయి లాక్కున్నాను. "రాత్రిళ్లు మంట పుట్టదా అండీ?" అని అడిగారు. నన్ను "అండీ" అన్న మొదటి ఆఫీసరు ఆయనే.

అక్కడి నుంచి పెళ్లి మాట వరకు రెండేళ్లు పట్టింది. అది రాయను, మా ఇద్దరిదీ.

గుళ్లో తాళి కట్టించుకుని తర్వాత రిజిస్టర్ చేయించుకోవడం సులువే. కానీ కులగోత్రాలు చెప్పుకునే పెళ్లి వద్దన్నారాయన. 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కిందే చేసుకుందామన్నారు. ఆధార్, వయసు రుజువు, నా మొదటి భర్త మరణ ధృవీకరణ పత్రం పట్టుకుని వెళ్లి నోటీసు ఇచ్చాం. అది 30 రోజులు ఆఫీసు బోర్డు మీద ఉంటుంది. ఆ కాగితంలో పేరు, వయసుతో పాటు వితంతువునని, జీడి కూలీనని కూడా ఉంది. పక్క గడిలో ఆయన ఉద్యోగం. ఆ రెండు గడుల మధ్య గీతే అందరికీ కనబడింది.

ఆయన సొంతూరు విజయనగరం. శాశ్వత చిరునామా వేరే జిల్లాలో ఉంటే నోటీసు నకలు అక్కడి ఆఫీసుకీ వెళ్తుందని మాకు తెలీదు. ఎవరో చూసి వాళ్ల నాన్నగారికి చెప్పారు. ఆయన అభ్యంతరం రాసిద్దామని ఆఫీసుకు వెళ్లారట. బతికున్న భార్యో భర్తో ఉండటం, వయసు చాలకపోవడం, దగ్గరి రక్తసంబంధం లాంటివైతేనే ఆపగలమని, కూలీ అని ఆపలేమని అక్కడివాళ్లు చెప్పారట. ఆ రాత్రి సార్ అన్నం ముట్టలేదు.

మా అమ్మదీ అదే గోల, ఇంకో రకంగా. "ఏటే, గొప్పింటోల్లు రేపు నిన్ను పనిమనిషిని చేస్తే?"

నాకు నిజంగా ఏడుపొచ్చింది మాత్రం పింఛను దగ్గర. మళ్లీ పెళ్లి చేసుకుంటే వితంతు పింఛను ఆగిపోతుంది. నెలకు 4,000. నేనే సచివాలయానికి వెళ్లి ఆపేయమని చెప్పి వచ్చాను. "నాలుగు వేలే కదా, నేనిస్తాను" అన్నారు సార్. ఆయన మంచికే అన్నారు. కానీ ఆ డబ్బు ఎవరినీ అడక్కుండా ఒకటో తారీకున నా చేతికొచ్చేది. పాప ఫీజు అదే. ఈ ఒక్క విషయం మీద మూడు రోజులు మాట్లాడుకోలేదు. నాలుగో రోజు ఆయనే వచ్చి, పెళ్లయ్యాక జీడి పని మానమని అడగనన్నారు. ముందు అడుగుదామనుకున్నారన్నమాట!

గడువు అయ్యాక ముగ్గురు సాక్షులతో వెళ్లాం. ఇద్దరు నాతో పప్పు ఒలిచేవాళ్లు, ఒకరు ఆయన స్నేహితుడు. తొమ్మిదేళ్ల మా పాప బెంచీ మీద కూర్చుని పల్లీ చిక్కీ తింటోంది. అధికారి ముందు ఒకరి పేరు ఒకరు పలికి, భర్తగా, భార్యగా స్వీకరిస్తున్నామని చెప్పాలి. ఆయన గడగడా చెప్పేశారు. నా వంతు వచ్చింది. పేరు పలికాను, వెనకాలే "సార్‌ని" అని కూడా వచ్చేసింది.

అధికారి పెన్ను ఆపారు. "మళ్లీ చెప్పమ్మా, సార్ లేకుండా."